బామ్మర్ది చెయ్యి పడ్డ ఫైలు

బామ్మర్దిని నలుగురూ పొగిడితే బావకు సంతోషంగా ఉండాలంటారు. అత్తింటి గౌరవం అల్లుడి గౌరవమేనట. ఈ మాట పుట్టించినవాడికి బామ్మర్ది ఉండి ఉండడు. ఉన్నా, ఇద్దరిదీ ఒకే పని అయి ఉండదు.

తిరుపతికి ఉన్నాడు. పేరు హరిప్రసాద్. భార్య సువర్ణకు ఆఖరి తమ్ముడు. హైదరాబాదులో పెద్ద కంపెనీ ఉద్యోగమే కానీ మనిషి ఇక్కడే, చండ్రుగొండలో అక్క ఇంటికి దగ్గర్లో ఓ ఇల్లు కిరాయికి తీసుకుని, కిటికీ పక్కన కూర్చుని పని చేసుకుంటాడు. వాణ్ణి మొట్టమొదట కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది తిరుపతే. మౌసు ఎట్లా పట్టుకోవాలో చూపించింది తిరుపతే. ఇప్పుడు ఊరంతా వాణ్ణి ‘హరి సారు’ అంటుంది. చూపించినవాణ్ణి మాత్రం ‘ఏ తిరుపతీ’ అంటుంది.

తిరుపతి తొమ్మిదో తరగతిలోనే బడి మానేశాడు. తండ్రి కొత్తగూడెంలో బొగ్గుబాయి కార్మికుడు. ఆయన నడుము పడిపోయాక, ఇద్దరు కొడుకుల్లో ఒకడు చదవాలి, ఒకడు సంపాదించాలి అని ఇంట్లో తేలింది. చదివేవాడు అన్న అయ్యాడు. తిరుపతి ఓ డీటీపీ షాపులో పెళ్లిపత్రికలు కొట్టే పనికి కుదిరాడు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో పాత ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సీ అనే కంప్యూటరు భాష నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. ఎట్లా నేర్చుకున్నావని ఎవరూ అడగనూ లేదు. నలభై దాటినా ఆ అడగకపోవడం గొంతులో చేపముల్లులా అట్లాగే ఉంది.

ఇది పూర్తిగా నాది అని అతను చెప్పుకోగలిగింది లోకంలో ఒకటే ఉంది. దాని పేరు ‘వంతు’.

చండ్రుగొండ దాటాక అడవి అంచున, వాగు ఒడ్డు మీద నీటి సంఘం మోటర్లున్నాయి. చుట్టూ ఉన్న పామాయిల్ తోటలకు ఆ నీళ్లే దిక్కు. మోటర్లు చాలా, ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటి. ఒక మోటరు ఊపందుకునే సమయంలో ఇంకోటి కూడా ఎత్తుకుందంటే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అని వెనకట రైతులు తలలు పగలగొట్టుకున్నారు. అప్పుడు తిరుపతి వాళ్ల కోసం ఓ చిన్న భాష తయారుచేశాడు. అందులో రైతు తన మోటరుకు తెలుగులోనే చెప్పుకోవచ్చు: ‘వంతు రానీ. మోటరు వెయ్యి. ఊపందుకోనీ. వంతు ఇచ్చెయ్యి. తోట తడవనీ.’ ఆ వరుసల్ని ఒక్కొక్కటే చదివి అప్పటికప్పుడు చేసిపెట్టేది తిరుపతి రాసిన ఇంటర్‌ప్రెటర్. ఒక్కో రైతు రాత ఒక్కో థ్రెడ్. తిరుపతి వాటిని పోగులు అనేవాడు. మగ్గం మీద పోగుల్లా అన్నీ పక్కపక్కనే నడుస్తాయి. కానీ మోటరు ఎత్తుకునే వంతు మాత్రం ఏ సమయంలోనైనా ఒక్క పోగుదే. దాని పని కాగానే అది తరువాతి పోగుకు సైగ చేస్తుంది. సైగ అందుకున్నది కదులుతుంది. చెప్పడానికి ఇంతే. ఆ సైగను సరిగా నిలబెట్టేసరికి అతని జుట్టు నెరిసింది.

పంపుహౌసులో ఓ పాత విండోస్ కంప్యూటరు మీద వంతు ఏళ్ల తరబడి నడిచింది. మొన్నటి గాలివానకు పిడుగు పడి అది కాలిపోయింది. దాని బదులు సంఘం వాళ్లు అరచేతిలో పట్టే చిన్న బోర్డు తెచ్చారు. అది విండోస్ మీద కాదు, లినక్స్ అనే వేరే వ్యవస్థ మీద నడుస్తుంది. తిరుపతి సైగల కోసం విడిగా పెట్టుకున్న ఫైలులో విండోస్ మాటలున్న చోటల్లా వాటికి సరిపోయే లినక్స్ మాటలు వెతికి పెట్టాడు. చండ్రుగొండలో తను పెట్టుకున్న షాపులో నడిపి చూస్తే గుర్రంలా నడిచింది. పంపుహౌసులో పెట్టాక బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. పొద్దున బాగుంటుంది, ఎండెక్కేసరికి మోటర్లన్నీ మూగబోతాయి. చూడబోతే ప్రతి పోగూ నాకింకా సైగ రాలేదంటూ చేతులు కట్టుకుని కూర్చుని ఉంటుంది.

ఎండలు ముదిరాయి. లేత పామాయిల్ మొక్కల ఆకులు కొసల దగ్గర మాడుతున్నాయి. ఓ పొద్దున సంఘం పెద్ద భద్రు పంపుహౌసు గడపలో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

“ఏ తిరుపతీ, నీ పెట్టె మల్ల పండుకున్నదే.”

“పండుకోలే. చూస్తున్న.”

“చూసుడు ఎన్నొద్దులు? మొక్కల కాడికి పోయి చెప్పనా, తిరుపతి చూస్తున్నడు, జర ఆగుండ్రి అని?”

మోటర్లు చూసుకునే పోతయ్య బీడీ నోట్లోంచి తీసి కిసుక్కున నవ్వాడు.

“హరి సారును పిలుద్దాం” అన్నాడు భద్రు. “నీకు ఇంటి మనిషే గదా. ఆయన చెయ్యి పడితే అయితది.”

“ఇది నేను రాసింది. వానికి దీని సంగతి ఏం ఎరుక?”

“ఎరుక లేకుంటే కంపెనీ వాళ్లు ఊకెనే కూసోబెట్టి జీతమిస్తున్నరా?”

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. తిరుపతి ఆ ఊరి పెరటి చెట్టు, నిజమే. మరి హరిప్రసాద్ మొలిచింది కూడా అదే పెరట్లో కదా! వాడి ఆకు మాత్రం మందెట్లా అయిందో ఆ ఊరికే తెలియాలి.

ఇంటికి పోతే అక్కడ సువర్ణ. పొయ్యి మీద చేపల పులుసు. ఏం విశేషమని అడగనక్కర్లేదు, తమ్ముడు వస్తున్నాడు.

“వాడొచ్చి చూస్తే నీకేం పోయిందయ్యా?” అంది. “నలుగురిలో నీ పేరు చెప్పుకునే తిరుగుతడు పాపం. మా బావే నాకు నేర్పిండు అంటడు.”

“అట్ల చెప్తే పేరొచ్చేది వానికే. ఎంత అణకువ పోరడో అంటరు.”

“చెప్పకపోతే?”

“చెప్పకపోతే విశ్వాసం లేనోడు.”

“మరి వాణ్ణి ఏం జేయమంటవ్?”

తిరుపతి కంచం ముందుకు లాక్కున్నాడు. వాడేం చేసినా కడుపు మండుతుందని పెళ్లాంతో చెప్పుకోలేడు కదా. అన్నం కలుపుకుంటుంటే ఒకటే ఆలోచన. ఇది వాడి చేతిలో బాగుపడిందా, ఇక అయిపోయింది. రేపటి నుంచి ‘హరి సారు పెట్టె’ అంటారు. వంతు అని పేరు పెట్టినవాణ్ణి, దానికోసం జుట్టు నెరిసినవాణ్ణి అందరూ మరిచిపోతారు. అన్న చదువు తీసుకున్నాడు. ఇప్పుడు బామ్మర్ది ఇది తీసుకుంటాడు. ఆ పూట నుంచి అతను హరిప్రసాద్‌తో నేరుగా మాట్లాడటం మానేశాడు. ఏదన్నా ఉంటే సువర్ణతో చెప్పడం, సువర్ణ పోయి తమ్ముడితో చెప్పడం.

హరిప్రసాద్ వచ్చాడు. చెప్పులు పంపుహౌసు బయట విడిచి లోపలికి అడుగుపెట్టాడు, గుడికొచ్చినట్టు. అదీ మండింది తిరుపతికి. బోర్డు ముట్టుకోకముందే, ఏ తోటకు పైపు ఎంత దూరముందో, దాని మోటరు ఊపందుకోవడానికి ఎంతసేపు పడుతుందో తోటల్లో తిరిగి చూస్తానన్నాడు. అన్నిటికంటే దూరం జంపక్క తోట, అడవిలోకి చొచ్చుకుని ఉంటుంది. ఆమె కోయ రైతు, సంఘంలో మాటున్న మనిషి. ఆమె దారి చూపిస్తుంటే భద్రు, పోతయ్య, హరిప్రసాద్ బయలుదేరారు. తిరుపతిని ఎవరూ పిలవలేదు. రావద్దనీ అనలేదు. అతనే వెంట నడిచాడు.

సగం దారిలో అతని చెప్పు వారు తెగింది. ఆగమని అడగడం నామోషీ. వాళ్లు ముందుకు పోయారు. అతను వంగి, పిన్నీసు పెట్టి, వారు బిగించుకుని నడిచేసరికి దారి రెండుగా చీలింది. మనిషి జాడ లేదు. ఎటు పోయారో తెలియదు. పిలుస్తారులే అని నిలబడ్డాడు. ఇప్ప చెట్ల కింద రాలిన పువ్వు ఎండకు మత్తు వాసన కొడుతోంది. ఫోను తీస్తే సిగ్నల్ లేదు. నిలబడే ఉన్నాడు. హరి సారు పక్కనుంటే ఇంకెవరు గుర్తొస్తారని పళ్లు నూరుకున్నాడు. నడిచేటప్పుడు జంపక్క వాడికి గొడుగు పట్టి ఉంటుందా అని కూడా ఊహించుకున్నాడు. జంపక్క దగ్గర గొడుగే లేదు.

నీడ బాగా జరిగాక ఎడమ దారిలోంచి నలుగురూ తునికి పండ్లు తింటూ వచ్చారు.

“ఏందన్నా, గీడనే నిలబడ్డవ్?” అంది జంపక్క. “ఎడమ దిక్కు రమ్మని కేకేసినం గదా!”

“నాకు ఇనపడలే.”

“అప్పటికి నువ్వు ఈడికి రాకపోతివి” అన్నాడు పోతయ్య. “నువ్వొచ్చేదాంక కేక చెట్టుకు వేలాడ్తదా ఏంది?”

భద్రు పగలబడి నవ్వాడు. తిరుపతి చెవులు ఎర్రబడ్డాయి.

“చెట్టు మండ ఇరిచి దారిల ఏసి పోదామంటి” అంది జంపక్క. “మేం అడివికి పోతే గంతే చేస్తం. ఎనకొచ్చేటోడు ఎప్పుడొచ్చినా కనపడ్తది, దాన్ని పక్కకు తీసేసి వస్తడు. ఈ హరి తమ్మి వద్దు, ఫోన్ జేద్దాం అన్నడు. మంచిగనే జేసిండు ఫోను!”

హరిప్రసాద్ నొచ్చుకున్నాడు. “తప్పు నాదే బావా. ఒక్క కేకేసి పోవుడు గాదు. నువ్వు ‘ఓ’ అనేదాంక కేకలేస్తనే ఉండాల్సింది.”

ఆ మాట అని ఉన్నచోటే ఆగిపోయాడు హరిప్రసాద్. తునికి పండు చేతిలోనే ఉండిపోయింది. తిరుపతి వాడి మొహం చూశాడు. అదే క్షణంలో అతని బుర్రలోనూ కొరివి వెలిగింది.

కేక, మండ. విండోస్‌లో అతను వాడిన సైగ మండలాంటిది. వంతు ఇచ్చే పోగు దారిలో వేసి పోతుంది, తరువాతి పోగు ఎప్పుడొచ్చినా అది అక్కడే ఉంటుంది. లినక్స్‌లో దాని బదులు అతను పెట్టింది కేక. ఆ క్షణాన వినడానికి అవతల ఎవరైనా ఉన్నారా సరే. లేకపోతే గాలిలో కలిసిపోతుంది. వెనక వచ్చిన పోగు, ఇందాక తను నిలబడ్డట్టే, పిలుస్తారులే అని కలకాలం నిలబడి ఉంటుంది. షాపులో పోగులన్నీ దగ్గరదగ్గరగా నడిచాయి కాబట్టి కేక అందింది. ఇక్కడ ఒక్కో మోటరుది ఒక్కో ఆలస్యం. అందుకే ఒకసారి నడుస్తుంది, ఒకసారి బిగుసుకుంటుంది.

తిరుగుదారిలో బావా బామ్మర్దులిద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇద్దరికీ తెలిసిపోయింది. తనకు తెలిసిన సంగతి ఎదుటివాడికి తెలియనివ్వకూడదని తిరుపతి పట్టుదల. బావను నొప్పించకుండా ఎట్లా చెప్పాలా అని హరిప్రసాద్ తికమక. బయటి నుంచి చూసేవాళ్లకు రెండు మౌనాలూ ఒకేలా ఉంటాయి.

షాపుకు పోయి షట్టరు సగానికి దించుకున్నాడు తిరుపతి. వేళ్లు కీబోర్డు మీద పరుగులు తీస్తున్నాయి. సైగ వచ్చిన ప్రతిసారీ దారిలో ఓ మండ పడాలి. వచ్చిన పోగు చూడాలి. మండ ఉంటే ఒకటి తీసుకుని కదలాలి, లేకుంటే ఆగాలి. మార్చాల్సింది తన సైగల ఫైలు ఒక్కటే. సొంత పెరడు, సొంత పలుగు. ఎవరితోనూ పని లేదు.

సువర్ణ అన్నం గిన్నె పట్టుకుని షట్టరు కింద నుంచి వంగి వచ్చింది.

“హరి అడగమన్నడు. బావ ఏమన్న మారుస్తున్నడా అని. ఇద్దరు ఒక్కసారే చెయ్యి పెడితే ఆగమైతదంట. నువ్వు చేస్తనంటే వాడు ముట్టడంట.”

తిరుపతి స్క్రీను మీద ఇంకో కిటికీ తెరిచి చేస్తున్నదాన్ని దాచేశాడు, ఆమెకు అది చదవడం వచ్చినట్టు.

“నేను ఎప్పుడో ఇడిచిపెట్టిన. వాణ్ణే చేసుకోమను.”

“నిజంగనేనా?”

“అవ్. సారు గదా. చేసుకోమను.”

వాడు అటు తంటాలు పడుతుంటే, భద్రు ముందర తల గోక్కుంటుంటే, తను ఇటు నుంచి పోయి ఒక్క దెబ్బకు బాగుచేసి చేతులు దులుపుకోవాలి. ఆ దృశ్యం తలుచుకుంటే అన్నం తియ్యగా దిగింది.

మరునాడు పొద్దున బండి మీద పంపుహౌసుకు పోతుండగా భద్రు ఫోను.

“ఏ తిరుపతీ, నువ్వు రాకున్నా అయితది. హరి సారు తెల్లారంగనే వచ్చి బాగు చేసిపోయిండు. మోటర్లు తిరుగుతున్నయ్. చెప్పిన గదా, ఆయన చెయ్యి పడితే అయితదని.”

తిరుపతి బండి పక్కకు ఆపాడు. దూరం నుంచి మోటర్ల హోరు వినిపిస్తూనే ఉంది. అక్కడి నుంచి వెనక్కి తిరిగిపోయి ఉంటే ఈ కథ లేదు. కానీ కడుపులో మంట మనిషిని వెనక్కి తిరగనివ్వదు. ముందుకే తోస్తుంది.

పంపుహౌసులో ఎవరూ లేరు. పోతయ్య వాగులో స్నానానికి దిగాడు. తిరుపతి ల్యాప్‌టాప్ బోర్డుకు తగిలించి చూశాడు. తన సైగల ఫైలు ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది. ఇంటర్‌ప్రెటర్ అసలు ఫైలు మాత్రం ఆ పొద్దున్నే మారింది. హరిప్రసాద్ చెయ్యి దాని మీద పడింది. తెరిచి చూడాలి. ఈ పని తెలిసినవాడెవడైనా ముందు అదే చేస్తాడు. తిరుపతి వేలు దాని మీదకు పోయి, ఆగింది. తెరిస్తే వాడి రాత చదవాలి. చదివాక, బాగుంటే?

తెరవలేదు. తన కొత్త సైగల ఫైలు పెట్టేసి, వంతును ఆపి మళ్లీ నడిపించాడు. ఎవరన్నా అడిగితే, వాడు చేసింది పైపూత, అసలు మందు వేసింది నేను అని చెప్పుకోవచ్చు. అడగకపోయినా ఫరవాలేదు. నడుస్తున్నది తన సైగ మీదే అని తనకు తెలుస్తుంది, చాలు. బయటికొచ్చి రాయి మీద కూర్చున్నాడు.

మొదటి మోటరు ఎత్తుకుంది. ఊపందుకుంది. రెండోది ఎత్తుకోబోతుంటే పక్కదీ గురగురమంది, ఆ పక్కది కూడా. ట్రాన్స్‌ఫార్మరు మీద నీలం మెరుపు లేచి, ఢాం అని చప్పుడైంది. చెట్ల మీద కొంగలు ఒక్కసారిగా లేచాయి. ఆ తరువాత అంతా నిశ్శబ్దం, కాలిన రాగితీగ వాసన.

పోతయ్య తడి లుంగీతోనే పరుగెత్తుకొచ్చాడు. “జంపక్క మోటరన్నో! కాలింది!”

తిరుపతి అప్పుడు తెరిచాడు బామ్మర్ది ఫైలు. చదవడానికి ఎంతోసేపు పట్టలేదు. చిన్న రాత, చక్కటి రాత. హరిప్రసాద్ సైగల జోలికే రాలేదు, అవి బావవి కాబట్టి. దాని బదులు వంతు ఇచ్చే పోగు, అవతలి పోగు ‘ఓ’ అనేదాకా సైగ చేస్తూనే ఉండేట్టు మార్చాడు. కేక గాలిలో పోయినా ఇంకో కేక, ఇంకో కేక. ఒక్కటన్నా అందుతుంది. దానంతట అది తప్పులేనిది. తనదీ దానంతట తప్పులేనిదే. కానీ రెండూ కలిశాక? అవతలి పోగు వచ్చేలోపు వాడు వేసిన ప్రతి కేకకూ తన ఫైలు దారిలో ఓ మండ వేసింది. దారి నిండా మండలు. వచ్చిన ప్రతి పోగూ ఒకటి తీసుకుని, వంతు నాదేనని కదిలింది.

జనం పోగయ్యారు. కాలిన మోటరు పక్కన జంపక్క కూలబడింది. ఏడవలేదు, తిట్టలేదు. తన తోట ఉన్న వైపు చూస్తూ కూర్చుంది. ఆమె ఏదో ఒకటి అంటే బాగుండుననిపించింది తిరుపతికి.

హరిప్రసాద్ బండి దిగి నేరుగా లోపలికి పోయాడు. బోర్డు చూశాడు. సైగల ఫైలు మారి ఉండటం చూశాడు. తలెత్తి గుమ్మంలో నిలబడ్డ బావ మొహం చూశాడు. వాడికి అంతా అర్థమైందని తిరుపతికి అర్థమైంది. ఇప్పుడు అంటాడు, నలుగురిలో అంటాడు, నేను అడిగి పంపితే అబద్ధం చెప్పిండు అంటాడు. తిరుపతి పళ్లు బిగించి సిద్ధంగా నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే ఆ తిట్టు కోసం ఎదురుచూశాడు.

హరిప్రసాద్ బయటికొచ్చి చేతులు జోడించాడు. “అందరు నన్ను మాఫ్ చెయ్యాలె. పొద్దున నేను చేసిన దాంట్ల తప్పు పోయింది. పూర్తిగ చూసుకోకుండ పోయిన. జంపక్కా, నీ మోటరు నేను బాగు చేయిస్త.”

జనంలో ఓ చిన్న కలకలం. అది కోపం కాదు. మెచ్చుకోలు.

“చూసిండ్రా” అన్నాడు భద్రు. “తప్పైతే తప్పైందని ఒప్పుకునుడు. గిది పెద్దమనిషి లచ్చనం. వేరేటోళ్లయితే కరెంటోళ్ల మీద నెట్టేటోళ్లు.”

“బంగారమసొంటి పిల్లగాడు” అంది ఓ ముసలమ్మ.

తిరుపతికి కళ్లు బైర్లు కమ్మాయి. ఎంత అన్యాయం! మెప్పు వాడికే పోయింది, సరే. ఇప్పుడు తప్పు కూడా వాడికేనా? తన సైగల ఫైలులో, తన చేతులతో, తన బుద్ధితో చేసిన తప్పు. దాన్ని కూడా దర్జాగా తీసుకుని తలమీద కిరీటంలా పెట్టుకుంటున్నాడు. మరి తనకు మిగిలేదేంది?

“ఒరేయ్!” అని అరిచాడు. “నీదెట్లయితదిరా తప్పు? నీ మొహం! ఈ తప్పు చేసుడు నీకు వస్తదారా?”

అందరూ ఇటు తిరిగారు.

“బావా, పోనీ ఇడిచిపెట్టు...”

“ఇడిచిపెట్టేదేంది! నువ్వు రాసిన దాంట్ల తప్పు లేదు. నేను చదివిన. ఎంత వెతికినా లేదు. నేనొచ్చి ఎవరికి చెప్పకుండ నాది ఎక్కించిన. నీది చూడకుండ ఎక్కించిన. మార్చుతున్నవా అని నువ్వు అడిగి పంపితే, లేదని అబద్ధమాడిన. మండలు పడ్డయి నా ఫైలుల. మోటర్లు లేపింది నా సైగ. ఇది నాది. మొదలు కాడ్నించి నాది. కాలబెట్టింది సుత నేనే!”

సువర్ణ ఎప్పుడొచ్చిందో, జనం వెనక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

జంపక్క మెల్లగా లేచింది. “పొలం గట్టు కోసం కొట్టుకునేటోళ్లను జూసిన. కోడిపుంజు కోసం కొట్టుకునేటోళ్లను జూసిన. తప్పు నాదంటే నాదని కొట్టుకునేటోళ్లను మాత్రం ఈ పొద్దే జూస్తున్న. తిరుపతన్నా, నువ్వు చేసింది తప్పే గానీ, గర్వంగ చెప్పుడు ఏందే?”

ఎవరో నవ్వారు. భద్రు నవ్వలేదు.

“మోటరుకు కొత్త తీగ నువ్వు చుట్టించుకరావాలె తిరుపతీ” అన్నాడు. “అది వచ్చేదాంక జంపక్క మొక్కలకు కడవలతోటి నువ్వే పోస్తవ్. ఇగ ఈ పెట్టెల ఒక్కని రాతే ఉండాలె. ఎవనిదో మీరే తేల్చుకోండ్రి. రెండు చేతులు పడుడు మాత్రం వద్దు.”

జనం కడవలు, పైపులు తెచ్చుకోవడానికి కదిలారు. బావా బామ్మర్దులు పంపుహౌసు లోపలికి పోయారు. తిరుపతి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మాటలన్నీ మనసులో పేర్చి పెట్టుకున్నాడు. నీది ఊరికే కేకలేసి అలిసిపోతుంది, నాది ఓపికగా ఉంటుంది. నీది బోర్డుకు పని పెంచుతుంది, నాది పెంచదు. వాడు ఒకటంటే తను రెండనాలి. తెల్లారేదాకైనా వాదించాలి.

“నీదే ఉంచు బావా” అన్నాడు హరిప్రసాద్. “కేకలేసుడు కంటే మండ మంచిది. నా వరుసలు తీసెయ్.”

అంతే. వంగి బయట చెప్పులు వేసుకుని, రెండు కడవలు ఎత్తుకుని జనంతో కలిసి పోయాడు.

తిరుపతి గెలిచాడు. వంతు అతనిదే, సైగ అతనిదే, ఇక నుంచి ప్రతి వరుసా అతనిదే. గెలుపు ఇంత చప్పగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. బయట కడవల చప్పుడు, ఎవరో ఏదో అంటే హరిప్రసాద్ నవ్వు, వెనకే జంపక్క నవ్వు. ఆమె తోట ఎండుతుంటే కూడా వాడు ఆమెను నవ్వించగలడు. మళ్లీ మండింది.

బామ్మర్ది వరుసల్ని ఒక్కొక్కటే తీసేశాడు. తీసేటప్పుడు చదవకుండా ఉండలేకపోయాడు. తన రాతను మళ్లీ దిద్దాడు. ఇంతకు ముందు మండలు లెక్క లేకుండా పడేవి. ఇప్పుడు ఒకటి ఉండగా రెండోది పడకుండా కట్టడి పెట్టాడు. బిగువుగా వచ్చింది. జీవితంలో ఇంత మంచి రాత ఎప్పుడూ రాయలేదు. కుర్చీలో వెనక్కి వాలి చూసుకున్నాడు. చూసుకుంటుంటే ఇంకో సంగతి తట్టింది. ఇది ఎంత బాగుందో భద్రుకు తెలియదు. పోతయ్యకు తెలియదు. సువర్ణకు తెలియదు. ఈ వాగు నుంచి భద్రాచలం దాకా వెతికినా దీన్ని చదివి ‘అబ్బ’ అనగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు అక్కడ కడవలు మోస్తున్నాడు.

ల్యాప్‌టాప్ తెరిచి ఉండగానే రెండు చేతులా పట్టుకుని తిరుపతి ఎండలోకి నడిచాడు. జంపక్క తోటలో హరిప్రసాద్ వంగి ఓ మొక్క మొదట్లో నీళ్లు పోస్తున్నాడు. ఎండకు స్క్రీను కనిపించక తిరుపతి తన నీడ దాని మీద పడేట్టు తిరిగి నిలబడ్డాడు.

“ఏయ్. చేతులు తుడుచుకో. ఇది చూడు.”

“ఏంది బావా?”

“చదువు. ముక్క ముక్క చదువు. తప్పు దొరికితే చెప్పు.” వాడి మొహంలోకి చూడకుండా అన్నాడు: “దొరకదు.”